నలభై కిలోల టిక్కీ

ఎమ్మెల్యే అయినవాడు అక్క ఇంటికి వస్తే ఏం అడగాలి? కూరేం వండావనో, మోకాళ్ల నొప్పులు తగ్గాయా అనో అడగాలి. మా తమ్ముడు సిలార్ చెప్పులు విడిచి, మంచినీళ్లు తాగి, గ్లాసు ఇంకా కింద పెట్టకుండానే అడిగాడు.

"అక్కా, ఏసీలో పెట్టిన నీ టిక్కీ ఒక్కోటి ఎంత తూగుద్ది?"

ఏసీ అంటే గోడకు బిగించుకునేది కాదు. కోల్డ్ స్టోరేజీని మా వైపు రైతులందరం ఏసీ అనే అంటాం. టిక్కీ అంటే ఎండు మిరపకాయల బస్తా. కాయ కోసి, కల్లంలో ఎండబెట్టి, బస్తాల్లోకి తొక్కి, ధర లేకపోతే ఏసీలో పెట్టుకుని, అది ఎప్పుడు లేస్తుందా అని కూర్చోవడమే మా పని. ఆ ఏడాది ధర మరీ నేలబారుగా ఉంది. మా ఊరి సరుకంతా సుభానీ గారి ఏసీలో నాలుగు అంతస్తుల నిండా పడి ఉంది. ఒక్క బస్తా కూడా బయటికి తీయకూడదని, ధర లేచేదాకా పట్టు విడవకూడదని ఊరంతా అనుకున్నాం.

"నలభై," అన్నాను.

"నిజంగా?"

"ఊరందరిదీ నలభయ్యే. నాకొక్కదానికే వేరే తూకం ఉండిద్దా?"

వాడు నా మొహంలోకి చూశాడు. నేను పొయ్యి దగ్గరికి వెళ్లిపోయాను. నాకు అనుమానం పట్టుకుంది. ఎమ్మెల్యేకి బస్తా బరువుతో ఏం పని?

నాకు అనుమానం ఎక్కువని మా ఆయన బుడాన్ అందరికీ చెబుతాడు. చెప్పుకోనీ. అనుమానం లేనివాళ్లు మిరప వేయకూడదు. విత్తనం ప్యాకెట్టుని అనుమానించాలి, పురుగుమందు సీసాని అనుమానించాలి, మబ్బుని అనుమానించాలి, యార్డులో నవ్వుతూ పలకరించే ప్రతివాడినీ అనుమానించాలి. సొంత తమ్ముడిని మాత్రం వదిలేయాలని ఎక్కడైనా రాసి ఉందా?

అసలు సిలార్ సంగతి మొదటినుంచీ అంతుపట్టనిదే. మా నాన్న పేరు నన్నే సాహెబ్, దూదేకి పరుపులు కుట్టేవాడు. చిలకలూరిపేటలో మిల్లుల వెనక సందులో ఉండేవాళ్లం. ఇంటి నిండా దూది. వీడు ఆ దూది గుట్ట మీద పడుకుని, ఎదురుగా మిల్లు గోడ లేస్తుంటే రోజంతా చూసేవాడు. బడికి పంపితే పలక మీద ఇళ్లు గీసేవాడు. ఇంటి మీద ఇల్లు, దాని మీద ఇంకో ఇల్లు. పలక పై అంచు అడ్డొచ్చేదాకా గీసి, ఇంకా పెద్ద పలక కావాలని ఏడ్చేవాడు.

ఆ ఏడుపే వాడిని చదివించింది. ఆర్కిటెక్టు అయ్యాడు. బొంబాయి వెళ్లి యాభై అంతస్తులు, అరవై అంతస్తులు ఉన్న టవర్లకి బొమ్మలు గీశాడు. వాడు గీసినవి సముద్రం పక్కన లేచి నిలబడ్డాయి. పేపర్లో ఫొటోలు వచ్చేవి. ఒకసారి నాన్నని తీసుకెళ్లి చూపించాడు. నాన్న కింద నిలబడి తల వెనక్కి వాల్చి చాలాసేపు చూసి, "పరుపులు ఎండేసుకోడానికి చోటు యాడరా?" అని అడిగాడట.

అలాంటివాడు ఉన్నట్టుండి అంతా వదిలేసి పేటకి వచ్చేశాడు. భార్య నస్రత్ బొంబాయిలో కాలేజీ పాఠాలు చెప్పుకుంటూ అక్కడే ఉండిపోయింది. సెలవులకి వస్తుంది, పోతుంది. వీడేమో వచ్చిన ఏడాదికే ఎన్నికల్లో నిలబడ్డాడు. ఊరక రారు మహానుభావులు అంటారు కదా, జనానికి నిద్ర పట్టలేదు. టవరు కూలితే పారిపోయి వచ్చాడన్నారు కొందరు. బైపాస్ పక్కన పొలాలన్నీ కొని మేడలు కడతాడన్నారు ఇంకొందరు. నస్రత్ వెళ్లగొట్టిందన్నవాళ్లూ ఉన్నారు. నేనే అడిగాను, ఎందుకొచ్చావురా అని. "ఇక్కడ పనుందక్కా" అన్నాడు. పనుందట! ప్రచారానికి కార్లు ఇచ్చింది ఎవరా అని చూస్తే గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే షావుకారు. మా కాయల్ని చవగ్గా కొని ఓడల్లో పంపేవాడు. అది చూశాక నా అనుమానానికి కాళ్లొచ్చాయి.

గెలిచాడు. గెలిచాక ఎవరి దగ్గరా రూపాయి తీసుకోలేదు. దాంతో వాడి మీద ఉన్న కాస్త నమ్మకం కూడా పోయింది. తినేవాడితో తంటా లేదు, వాడి ఆకలి ఎంతో మనకి తెలుసు. తిననివాడు దేనికోసం కడుపు ఖాళీ ఉంచుకుంటున్నాడో ఎవరికి తెలుసు?

ఇక బస్తా బరువు సంగతి. అంతకు ముందు వారం సుభానీ గారు ఏసీలో కొత్త లిఫ్టు పెట్టించి, ఎమ్మెల్యే చేత రిబ్బను కత్తిరించారు. సిలార్ రిబ్బను కత్తిరించి టీ తాగి వెళ్లిపోవాలా? లేదు, మూడో అంతస్తు దాకా ఎక్కాడు. అక్కడ గది తలుపు తెరవబోతే పై అంచు చట్రానికి పట్టేసింది. తలుపు వదిలేసి చట్రం వైపు చూశాడు. తర్వాత పైకప్పు వైపు చూశాడు. కిందకి దిగి వచ్చి, వారమంతా లెక్కలు వేసుకుని, నన్ను టిక్కీ బరువు అడిగి వెళ్లిన సాయంత్రమే, పై రెండు అంతస్తులూ వెంటనే ఖాళీ చేయించమని సుభానీ గారికి చెప్పాడు.

ఆ మాట అరగంటలో ఊరు చేరింది. మర్నాడు ఏసీ ముందున్న రేకుల షెడ్డులో రైతులందరూ పోగయ్యారు. నేనూ వెళ్లాను. మా ఊరి ఖాజావలి గొంతు అందరికంటే ముందు లేచింది.

"ఎమ్మెల్యే గారూ, సరుకంతా ఒక్కసారి బయటికొస్తే ధర ఏమయిద్దో మీకు తెలీదా? ఎవరికి లాభం? మీకు కార్లిచ్చినాయనకేగా?"

"నేను ధర గురించి మాట్లాడ్డం లేదు బాబాయ్. పైకప్పు కుంగుతోంది."

"నిన్నటిదాకా లేంది ఇయ్యాల కుంగిందా?"

సుభానీ గారు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. ఆయన కోపం ఎప్పుడూ మర్యాదగా ఉంటుంది. "అయ్యా, గవర్నమెంటు ఇంజనీరు గారు కూడా వచ్చి చూశారు. ఇన్ని టిక్కీలు, టిక్కీకి నలభై కిలోలు. ఈ బిల్డింగు మోయగలిగిన దానికంటే తక్కువే ఉంది. మీరు చదువుకున్నోళ్లు, మీరే లెక్కేయండి," అన్నారు.

"వేశాను," అన్నాడు సిలార్. "లెక్క ప్రకారం బాగానే ఉండాలి. కానీ బాగా లేదు. అంటే లెక్కలో ఏదో ఒకటి అబద్ధం. బిల్డింగు అబద్ధం చెప్పదు. ఒక్కోటి ఎంత తూగుద్దో నాకు నిజం చెప్పండి, చాలు."

అక్కడున్న ప్రతి ఒక్కరికీ నిజం తెలుసు.

ఏసీలో అద్దె బస్తా లెక్కన కడతాం, బరువు లెక్కన కాదు. అందుకని బస్తాలోకి దిగి తొక్కి తొక్కి కుక్కుతాం. నలభై పట్టాల్సిన దాంట్లో యాభై పట్టిస్తాం. దానిపైన నీళ్లు. ఎండుకాయ తొక్కితే విరిగి పొడైపోతుంది కాబట్టి మెత్తబడ్డానికి కాస్త నీళ్లు చల్లడం తాతల నాటి పద్ధతే. ఆ కాస్త ఎప్పుడు ఎక్కువైందో ఎవరికీ గుర్తులేదు. నీళ్లకి తూకం ఉంది కదా! ప్రతివాడూ తన కల్లంలో తనొక్కడే ఈ తెలివి చూపిస్తున్నట్టు అటూ ఇటూ చూసి చల్లుతాడు. పక్క కల్లంలో వాడూ అలాగే అటూ ఇటూ చూస్తుంటాడు. తిలాపాపం తలా పిడికెడు అన్నమాట. ఈ సంగతి పైకి అన్నామా, సుభానీ గారు మర్నాటి నుంచి బరువు లెక్కన అద్దె అడుగుతారు, షావుకార్లు తడి సరుకని ధర కోస్తారు. అందుకే ఎవరం అనం.

సిలార్ వరసగా అడిగాడు. ఖాజావలి నలభై అన్నాడు. వాడి పక్కవాడు నలభై అన్నాడు. బస్తాలు మోసే ముఠాకి మేస్త్రి జయరావు, తలకి చుట్టిన తువ్వాలు సర్దుకుంటూ అతనూ నలభయ్యే అన్నాడు. పాపం, అతని ముఠాకి పని ఇచ్చేది మేమే కదా. చివరికి నా వంతు వచ్చింది. నేనూ నలభయ్యే అన్నాను, ఈసారి వాడి మొహంలోకి చూస్తూ.

"పోనీ ఒక బస్తా దించి కాటా వేద్దాం," అన్నాడు.

"రైతు సరుకు. రైతు అడిగితేనే దించుతాను. మీరు అడిగితే దించలేను," అన్నారు సుభానీ గారు.

ఎవరూ అడగలేదు.

ఆ మధ్యాహ్నం వాడు మళ్లీ మా ఇంటికి భోజనానికి వచ్చాడు. వచ్చాడంటే, నేనే రమ్మన్నాను. గోంగూర మాంసం వడ్డించి, ఎదురుగా కూర్చున్నాను. బుడాన్ ఇంకో పీట మీద కూర్చుని తింటున్నాడు.

"ముందు నువ్వు చెప్పరా నిజం. బొంబాయి ఎందుకు వదిలేశావు?"

అన్నం కలుపుతూ మొదలుపెట్టాడు.

"నా ఆఖరి టవరు అక్కా. పైన మేడ మీద పిల్లలు ఆడుకోడానికి చిన్న నీళ్ల కొలను పెడతామన్నాడు బిల్డరు. మోకాలి లోతు అన్నాడు. నేను అదే గీసిచ్చా. లెక్కలేసే ఇంజనీరు నా బొమ్మ చూసే లెక్కేశాడు. కానీ ఆ బిల్డరు మోకాలి లోతుతో ఆగే మనిషి కాదని నాకు తెలుసు. నిజంగా ఎంత లోతు కట్టిస్తన్నావని నేను అడగలా."

"ఎందుకు అడగలా?"

"అడిగితే పని ఆగిపోద్ది. అందరూ నా సంతకం కోసం చూస్తన్నారు. పెట్టేశా. తర్వాత ఒకరోజు పైకెళ్లి చూస్తే, పిల్లల కొలనులో పెద్దాళ్లు ఈదుతున్నారు."

"కూలిందా?"

"లేదు. నిక్షేపంలా ఉంది. కింద అంతస్తులన్నిట్లో జనం కాపరాలు చేస్తన్నారు. కంపెనీకి చెప్పా, నవ్వారు. కార్పొరేషన్‌కి రాసిచ్చా, పట్టించుకోలా. గీసేవాడి మాట ఎవడూ వినడు, అనుమతులిచ్చే వాళ్లలో ఉంటేనన్నా వింటారని ఇటొచ్చా. ఇప్పటికీ అక్కడ వానలు గట్టిగా పడితే నాకు ముద్ద దిగదు."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. మరుక్షణం నా మీద నాకే కోపం వచ్చింది. ఓట్లడిగేవాళ్లు కన్నీళ్లు తెప్పించడం ఎంతసేపు? ఈ కథ నిజమే కావచ్చు. అయితే మాత్రం? గుంటూరు షావుకారు కార్లు కూడా నిజమే కదా. ఒక నిజం చెప్పినంత మాత్రాన రెండోది మాఫీ అయిపోదు.

"ఇప్పుడు చెప్పక్కా. నీ టిక్కీ ఎంత?"

బుడాన్ తినడం ఆపి నా వైపు చూశాడు. పిల్లి మెడలో గంట నువ్వెందుకు కడతావన్నట్టు ఉంది ఆ చూపు.

"నలభై," అన్నాను.

వాడు చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు. కంచంలో సగం అన్నం అలాగే ఉంది.

మర్నాడు పొద్దున నేను వాకిలి ఊడుస్తుంటే రెబ్కా వచ్చి నిలబడింది. రెబ్కా జయరావు భార్య. మా చేలో కాయ కోతకి వచ్చేది, కోతలు అయిపోయాక సుభానీ గారి ఏసీలో కింది హాల్లో కూర్చుని తొడిమలు తీస్తుంది. అక్కడ ఆడవాళ్లు ఎప్పుడూ యాభై మందికి తక్కువ ఉండరు. ఆ రోజు రెబ్కా వెనక కూతురు జాస్మిన్ కూడా ఉంది, కాలేజీ సెలవుల్లో తల్లితో పాటు కూలికి వెళ్తోంది.

"నసీమక్కా, ఒక్క మాట. నిన్న ఎమ్మెల్యే గారు మా దగ్గరికొచ్చి, ఆ హాల్లో కూర్చోవద్దమ్మా, పైకప్పు బాగాలేదు అన్నారు. సుభానీ గారేమో మీరు రాకపోతే వేరే ఊరోళ్లని తెచ్చుకుంటామంటన్నారు. మా ఆయన్ని అడిగితే ఎటూ చెప్పడం లా. నువ్వేమంటావు?"

"నన్నెందుకే అడుగుతావు?"

"ఆయన నీ తమ్ముడు. సరుకు నీది. నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసుద్ది? నువ్వు కూర్చోమంటే కూర్చుంటాం."

ఇంత పెద్ద ఊళ్లో నన్ను అనుమానించని మనిషి ఒకతె దొరికింది, అది కూడా ఆ రోజే దొరకాలా! జాస్మిన్ గేటు పట్టుకుని నిలబడి చెప్పులో ఇరుక్కున్న రాయి తీసుకుంటోంది. నా నోటికి నలభై అనే మాట ఎంత అలవాటైపోయిందంటే, కూర్చోండి అనడానికి పెదవులు కదిలాయి కూడా. మాట మాత్రం రాలేదు. సిలార్ దొంగ కావచ్చు, షావుకారు మనిషి కావచ్చు, ఏదైనా కావచ్చు. కానీ నా బస్తాలో ఎంత ఉందో నాకు తెలుసు. దానికి వాడిని నమ్మాల్సిన పనిలేదు.

"ఇక్కడే ఉండండి," అని చీపురు అవతల పారేశాను.

ఏసీ దగ్గర అప్పుడే పని మొదలవుతోంది. రైతులు నలుగురైదుగురు టీ తాగుతున్నారు, అందులో ఖాజావలి ఉన్నాడు. గుంటూరు షావుకారు గుమస్తా ఒకడు శాంపిల్ కాయలు విరిచి వాసన చూస్తున్నాడు. అంతమంది ముందు, అందులోనూ కొనేవాడి మనిషి ముందు అనాల్సి వచ్చింది.

"సుభానీ గారూ, నా లాట్‌లో ఒక టిక్కీ దించి కాటా మీద పెట్టించండి."

"ఎందుకు చెల్లెమ్మా?"

"నా సరుకు. నేను అడుగుతున్నా."

ఆయన నన్ను చూశారు, ఖాజావలిని చూశారు. ఖాజావలి టీ గ్లాసు కింద పెట్టేశాడు. "ఏంది నసీమా, నీకేమన్నా పిచ్చా?" అన్నాడు. జయరావు లిఫ్టులో పైకి వెళ్లి నా బస్తా ఒకటి దించుకొచ్చి కాటా మీద పడేశాడు. అద్దంలో అంకెలు కాసేపు ఊగి ఆగాయి. యాభై ఆరు.

గుమస్తా శాంపిల్ పక్కన పెట్టి ఫోన్ తీశాడు. నా సరుకు ధర అక్కడికక్కడే పడిపోయిందని నాకు తెలుసు. ఏడాది కష్టం.

"నీ ఒక్క బస్తా చూపిచ్చి ఊరందర్నీ దొంగలంటావా?" అని అరిచాడు ఖాజావలి.

"నేనెవర్నీ అనలా అన్నా. నా బస్తా ఎంతో చెప్పా. నీదొకటి దింపిచ్చు. నలభయ్యే ఉందనుకో, ఇక్కడే నీ కాళ్లు పట్టుకుంటా."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నలుగురూ నాలుగు దిక్కులు చూశారు. ఎవరూ దింపించలేదు. జయరావు మాత్రం తలకి చుట్టిన తువ్వాలు విప్పి దులుపుకున్నాడు. "దించడానికయితే వస్తాం సుభానీ గారూ. ఇంక ఎక్కిచ్చడానికి మా ముఠా రాదు," అన్నాడు. సుభానీ గారు కుర్చీలో కూలబడ్డారు.

కబురు అంది సిలార్ వచ్చాడు. కాటా మీదున్న అంకె చూసి, అక్కడే గోడకానుకుని ఫోన్లో లెక్క వేశాడు. వేస్తుంటే వాడి మొహంలో రంగు పోయింది. నాకు థ్యాంక్స్ కూడా చెప్పలేదు. "ఆడోళ్లెవరూ లోపల లేరుగా?" అని మాత్రం రెండుసార్లు అడిగాడు.

అధికారులు వచ్చారు. పై అంతస్తు నుంచి మొదలుపెట్టి కొద్దికొద్దిగా బస్తాలు దించారు, ఒకేసారి ఎక్కువమంది లోపల ఉండకుండా సిలార్ గుమ్మం దగ్గరే కాపలా కాశాడు. ఆ మధ్యాహ్నానికే గుంటూరు నుంచి లారీలు వచ్చి వరసగా నిలబడ్డాయి. ఎన్ని లారీలని! బయట ఎండలో పడేసిన సరుకు, నెత్తిమీద వానమబ్బు, ఎదురుగా కొనేవాడొక్కడే. వాడు చెప్పిందే ధర. ఊరంతా ఏడుస్తూ అమ్ముకున్నారు. నేనూ అమ్ముకున్నాను, అందరికంటే తక్కువకి.

పై రెండు అంతస్తులూ ఖాళీ అయ్యాక మూడో అంతస్తు గది తలుపు ఒక్క వేలితో తోస్తే మూసుకుంది. చూడండి అన్నాడు సిలార్. "గ్రీజు రాసుంటారు," అన్నాడు ఖాజావలి.

బిల్డింగు పడలేదు. ఇప్పటికీ నిలబడే ఉంది, కింది అంతస్తులూ ఖాళీ చేయించి గేటుకి తాళం వేశారు. పడి ఉంటే మా తమ్ముడు దేవుడయ్యేవాడు. పడని మేడకి సాక్ష్యం ఎవరు చెబుతారు? ఎమ్మెల్యే అక్కని అడ్డం పెట్టుకుని ఊరి సరుకంతా షావుకారుకి దోచిపెట్టాడని ఊరంతా ఒక్కటే మాట. కొళాయి దగ్గర ఆడవాళ్లు నన్ను చూసి బిందెలు ఎత్తుకుని వెళ్లిపోయేవాళ్లు. బుడాన్ టీకొట్టుకి వెళ్లడం మానేశాడు. పని పోయిన రెబ్కా మాత్రం జాస్మిన్‌ని తీసుకుని మా పత్తి చేలో కలుపుకి వచ్చేది. తిట్టేవాళ్ల మాటలు వినపడుతున్నా వినపడనట్టే ఉండేది.

నాకు ఒక్క సంగతి మింగుడు పడలేదు. ఆదివారం సిలార్ వస్తే, కారు దిగనివ్వకుండా కిటికీ దగ్గరే నిలబడి అడిగాను.

"పొద్దున కాటా వేస్తే మధ్యాహ్నానికి అన్ని లారీలు ఎట్టా వచ్చినయ్ రా?"

అబద్ధం చెబుతాడనుకున్నాను. చెప్పలేదు.

"ముందే చెప్పి పెట్టా అక్కా. సరుకు బయటికొస్తే కొనేవాడుండాలి, పెట్టుకునే గోడౌను ఉండాలి. అంతా ఒక్కసారి తీసుకోగలిగినోడు ఆయనొక్కడే. వారం ముందే వెళ్లి లారీలు సిద్ధంగా ఉంచమన్నా."

ఊరంతా అన్నది నిజమే! నా అనుమానం నిజమే! నిజమైనందుకు సంతోషం రావాలి కదా, ఏడుపొచ్చింది.

"ధర ఏం మాట్లాడావు?"

వాడు స్టీరింగు మీద దుమ్ము తుడిచాడు.

"చెప్పరా! ఎంతకి కొంటావని అడిగావా?"

"అడగలా."

"ఎందుకు?"

"బేరం మొదలుపెడితే లారీలు పంపడేమోనని..."

"అడిగితే పని ఆగిపోద్దని!" నా గొంతు వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది. "అక్కడా అదే, ఇక్కడా అదే. నీకు సిగ్గు లేదురా? బిల్డింగు చేత నిజం చెప్పిస్తావు, నా చేత చెప్పిస్తావు, నువ్వు మాత్రం ఎదటోణ్ణి ఒక్క మాట అడగవు. నువ్వు పైసా తినలేదు, నమ్ముతా. మమ్మల్ని మాత్రం ఆ షావుకారుకి తినిపించావు!"

నేను తలుపు తీసి పక్క సీట్లో కూర్చున్నాను. "పోనియ్యి గుంటూరు," అన్నాను.

షావుకారు మమ్మల్ని మర్యాదగా కూర్చోబెట్టాడు. ఆ గదిలో మిరప ఘాటుకి నాకే తుమ్ములొచ్చాయి, ఆయనకి రాలేదు. బాదం పాలు తెప్పించాడు. నేను ముట్టుకోలేదు.

"మా తమ్ముడు ధర అడగలేదంట, నిజమేనా?" అన్నాను.

ఆయన సిలార్ వైపు చూసి నవ్వాడు. ఎగతాళి నవ్వు కూడా కాదు, నిజంగానే వింతగా అనిపించి నవ్వినట్టు ఉంది.

"నిజమేనమ్మా. నేనే ఆశ్చర్యపోయా. ఎమ్మెల్యే గారు వచ్చి కూర్చున్నారు, లారీల గురించి మాట్లాడారు, గోడౌను గురించి మాట్లాడారు, లేచెళ్లిపోయారు. అడుగుతారేమోనని క్వింటాకి ఇంకో వెయ్యి మనసులో పెట్టుకునే కూర్చున్నా. అడిగుంటే ఇచ్చేవాణ్ణి. అడగనోడికి ఎవరిస్తారమ్మా?"

ఇప్పుడివ్వండి అన్నాను. సరుకు ఓడెక్కిందమ్మా అన్నాడు.

తిరుగు దారిలో పేట దగ్గరికొచ్చాం. పత్తి లారీ ఒకటి మా ముందు అడ్డంగా పోతుంటే సిలార్ దాని వెనకే నెమ్మదిగా తోలుతూ, "నిజంగా ఇచ్చేవాడంటావా అక్కా? లేక నన్ను ఏడిపిద్దామని అన్నాడా?" అని అడిగాడు.

పుట్టినప్పటి నుంచి ప్రతివాడి మాట వెనకా ఇంకో మాట వెతికినదాన్ని. ఆ మనిషి కళ్లలోకి సూటిగా చూసినదాన్ని. అయినా నాకు తెలియలేదు. అదే చెప్పాను.

"ఊళ్లో చెప్పొద్దక్కా ఈ మాట. లారీల సంగతి తెలిస్తేనే నా పని అయిపోయింది. అడగలేదని కూడా తెలిస్తే ఇంక మళ్లీ గెలవను."

"నువ్వు చెప్పకపోతే నేను చెబుతా. నువ్వే చెబితే బాగుంటది."

"ఏమంటారు?"

"తిడతారు. నన్ను తిట్టలా?"

మా ఊరి మలుపు వచ్చింది. ఖాజావలి ఇంటి ముందు మనుషులు అరుగు మీద కూర్చుని ఉన్నారు. సిలార్ కారు ఆపి, తలుపు తీసుకుని దిగి, ఆ అరుగు వైపు నడిచాడు. నేను దిగలేదు.